జాబితాలోని పేర్లు, అర్రేలోని గదులు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లలు నేర్చుచున్న కంప్యూటరు చదువును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను మొదట సంకోచించితిని. నా చదువు ఇంటర్మీడియట్‌తో నిలిచినది. పిమ్మట ఉపాధ్యాయ శిక్షణ పొంది బడిలో ప్రవేశించితిని. కంప్యూటరును ఏబది యేండ్ల వయస్సున ముట్టితిని. అయినను ఒప్పుకొనుటకు ఒక కారణము కలదు. ఆ చదువులో పిల్లలు తొలిదినములలోనే నేర్చుకొను ఒక చిన్న పని యున్నది. జాబితాలోని అంశములను అర్రేలోనికి ఎక్కించుట అను పని. అది నా చేతిలో తప్పిపోయి ఈ బడిలోని ముగ్గురు పిల్లలకు నష్టము కలిగినది. వారిలో ఇద్దరి తల్లులు ఈ సభలోనే కూర్చుండియున్నారు. వారి యెదుట చెప్పుటయే న్యాయమని తోచినది.

సంగతి చెప్పుటకు ముందు ఈ రెండు మాటల భావము చెప్పవలెను. పిల్లలు ఇంటివద్ద పాఠము వల్లించుచు "అర్రే, అర్రే" అనుచుండగా, ఎవరినో పిలుచుచున్నాడని తల్లులు వీధిలోనికి తొంగిచూచుట నేనెరుగుదును. మన భివండి వీధులలో "అరే" అను పిలుపు వినబడని క్షణము లేదు గదా! ఈ అర్రే ఆ అరే కాదు. ఇది ఇంగ్లీషు మాట. క్రమముగా నిలిపిన వరుస అని దాని భావము. జాబితాను వారు లిస్టు అందురు. అది మనకు పాత చుట్టమే.

1955, 1956 సంవత్సరముల ప్రాంతమున అమెరికాలో న్యూయెల్, షా, సైమన్ అను మువ్వురు పండితులు గొలుసు జాబితా అను పద్ధతిని కల్పించిరి. అందులో ఒక్కొక్క అంశము వెంట "నా తరువాతివాడు ఫలాని చోట నున్నాడు" అను చీటి యొకటి కట్టబడి యుండును. మనవారు భివండికి వచ్చిన విధమును తలచుకొన్నచో ఇది వెంటనే బోధపడును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి చేతిమగ్గము విడిచి వచ్చిన మన పెద్దలకు ఈ ఊరి ఆనవాళ్లు తెలియవు. కల్యాణ్ స్టేషనులో దిగినవాని జేబులో ఒక్క చిరునామా యుండెడిది, మేనమామ కొడుకుది. ఆ మేనమామ కొడుకు ఒక బావగారి ఖోలీ చూపును. ఆ బావ కారఖానాలోని మేస్త్రీని చూపును. మేస్త్రీ ఖాళీగా నున్న సాంచాను చూపును. క్రొత్తగా ఎందరు వచ్చినను గొలుసు కొనకు తగులుకొనుటయే. వారి కొరకు పాతవారెవరును జరుగనక్కరలేదు. జాబితాకు గల గొప్ప గుణమిది. అది పెరుగును. కాని గొలుసులో పదియవ వానిని వెదకవలె నన్నచో తొమ్మండుగురిని అడుగుచు పోవలెను. నడుమనున్న వాడొకడు చెప్పకుండ ఊరికి పోయినచో వాని వెనుకనున్న వారందరును మనకు కానరాకుండ పోవుదురు. ఇప్పటి కంప్యూటరు భాషలలో లిస్టులు పలువిధములుగా కట్టబడుచున్నవి, కొన్నింటి లోపల అర్రేయే దాగియుండును. పైకి చూచువానికి మాత్రము పెరుగుటయే లిస్టు లక్షణము.

ఇక అర్రే మన చాల్ వంటిది. ఒకే వరుసలో, ఒకే కొలతతో కట్టిన ఖోలీలు. ప్రతి ఖోలీకి ఒక సంఖ్య. ఏడవ సంఖ్య ఇంటికి పోవలసినవాడు ఎవ్వరిని అడుగ నక్కరలేదు, నేరుగా పోయి తలుపు తట్టవచ్చును. కంప్యూటరుకు అర్రే మీద గల మక్కువ అందువలననే. కాని ఎన్ని ఖోలీలని కట్టిననాడే నిర్ణయమైపోవును. పది ఖోలీల చాల్‌లోనికి పదునొకండవ కుటుంబము వచ్చినచో ఇటుకలు సాగవు.

ఇందొక చిక్కు కూడ నున్నది. చాలా కంప్యూటరు భాషలు మొదటి గదికి 1 అని గాక 0 అని సంఖ్య వేయును. కావున పది గదుల వరుసలో చివరి గది సంఖ్య 9. పది అను సంఖ్యగల గదియే లేదు. మొదట నాకిది వెఱ్ఱిగా తోచినది. మా చిన్న ఉపాధ్యాయుడొకడు వివరించెను: "సార్, ఆ సంఖ్య గది పేరు కాదు. వాకిటి నుండి ఎన్ని గదులు దాటవలెనో ఆ లెక్క. మొదటి గదికి పోవుటకు ఏ గదినీ దాటనక్కరలేదు గదా!" ఆ తరువాత వెఱ్ఱి యనిపించలేదు.

ఈ రెండును క్రొత్త సంగతులు కావు, నేతవారి యింటివే. ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరము పట్టునేతకు ప్రసిద్ధి. అచ్చట 1725లో బూషాన్ అనునాతడు చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో పడుగు పోగుల నెన్నుకొను ఉపాయమును కనిపెట్టెను. ఒకచోట చినిగినచో చుట్ట యంతయు చెడును. 1728లో ఫాల్కన్ అనునాతడు చుట్టకు బదులు విడివిడి అట్టకార్డులకు చిల్లులు వేసి, వానిని ఒకదానికొకటి దారముతో కుట్టెను. చినిగిన కార్డు నొక్కదానిని విప్పి మరియొకటి కుట్టిన చాలును. అది జాబితా. 1804లో జకార్డు ఆ ఉపాయములను కూర్చి సంపూర్ణమైన యంత్రముగా జేసెను. ఆయన పేరు మన కారఖానాలలో నేటికిని ప్రతిదినము వినబడుచున్నది, మనిషి పేరని తెలిసినవారు తక్కువ. జకార్డు యంత్రమున పైనున్న కొక్కెముల వరుస అర్రే. దాని సంఖ్య యంత్రము బిగించిననాడే స్థిరము. పక్కన వ్రేలాడు కార్డుల గొలుసు జాబితా. డిజైను పొడుగును బట్టి అది ఎంతయైన సాగును. ఒక్కొక్క పేక వేయునపుడు ఒక్కొక్క కార్డు ముందునకు వచ్చి నిలుచును. చిల్లు ఉన్నచోట కొక్కెము లేచును, లేనిచోట అణగియుండును. జాబితాలోని ఒక అంశము అర్రేలోనికి ఎక్కుట యనగా ఇదియే. మీరు దీనిని ఎన్ని వేల మారులు చూచితిరో!

1839లో జకార్డు చిత్రమును పట్టుపై నేసిరి. దానికి 24,000 కార్డులు పట్టినవట. ఇంగ్లండులో గణనయంత్రమును ఊహించిన బాబేజి పండితుడు ఆ పట్టుచిత్రము నొకటి సంపాదించి ఇంటికి వచ్చినవారికి చూపెడివాడు. తన యంత్రమును నడుపుటకు ఆ కార్డులనే వాడదలచెను. ఆ యంత్రము పూర్తికాలేదు. దానిని గూర్చి 1843లో ఆడా లవ్లేస్ అను విదుషీమణి వ్రాసిన వ్యాఖ్యయందు ఆ యంత్రము గణితమును నేయు తీరును జకార్డు మగ్గము పూలను ఆకులను నేయుటతో పోల్చినది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ అనునాతడు చిల్లుల కార్డులతోనే లెక్కించెను. ఆయన స్థాపించిన సంస్థ మరికొన్నింటితో కలసి 1924లో ఐ.బి.ఎం. అయినది. కావున "సాంచా నడుపువాని కొడుకుకు కంప్యూటరెందుకు" అని మీ ఇంట ఎవరైన ననినచో ఈ చుట్టరికమును వారికి చెప్పుడు.

అయితే మగ్గమునందు ఒక సౌకర్యము కలదు. కార్డు వెడల్పు కొక్కెముల లెక్కకు సరిపడునట్లు ముందే కోయబడి వచ్చును. పిల్లల పేర్ల జాబితాను అట్లు కోసి పంపువారెవ్వరును లేరు. నేను తప్పినది అచ్చటనే.

కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. జూను మాసమున 5వ తరగతిలో 40 మంది పిల్లలు చేరిరి. ఆ సంఖ్య నా మనస్సున నిలిచిపోయినది. జూలైలో ఉచిత దుస్తుల కొరకు పేర్ల పట్టికను పంపవలసి వచ్చినది. అంతకు మున్ను ఆ పట్టికను చేతితో వ్రాసెడివారము. ఆ యేడు కంప్యూటరుతో చేయుదమని మా చిన్న ఉపాధ్యాయుడు ఉత్సాహపడి, ప్రవేశపు జాబితానుండి పేర్లను తీసి అర్రేలో నుంచి అచ్చువేయు చిన్న ప్రోగ్రాము వ్రాసెను. "ఎందరు సార్?" అని నన్నడిగెను. నేను రిజిష్టరు తెరువకుండగనే "నలుబది" అంటిని. అతడు 40 గదులు కట్టెను. 0 మొదలు 39 వరకు ఒక్కొక్క పేరు ఎత్తి ఒక్కొక్క గదిలో నుంచుమని యంత్రమునకు చెప్పెను. యంత్రము చెప్పినట్లు చేసినది. కాగితము బయటికి వచ్చినది. గీతలు, వరుసలు, కింద నా సంతకమునకు చోటు, అన్నియు ముచ్చటగా నుండెను. పుట నిండుగా కనబడినది. సంతకము పెట్టితిని.

ఆనాటికి జాబితాలో 43 పేర్లున్నవి. జూలై మొదటి వారమున మరి ముగ్గురు చేరియుండిరి. అర్రే నిండగానే ప్రోగ్రాము ఆగినది. ముగ్గురు మిగిలిరని అది చెప్పలేదు. చెప్పుమని మేమును అడుగలేదు.

ఆగస్టులో 40 జతలు వచ్చినవి. 15వ తేదీ ఉదయము జెండా వందనమునకు పిల్లలందరు క్రొత్త దుస్తులతో నిలిచిరి. వెనుక వరుసలో ముగ్గురు పాత బట్టలతో నిలిచిరి. నేను చూచితిని, తల్లులు ఉతికి ఆరవేసినవి ఆరియుండవని తలచి ఊరకుంటిని. మరునాడు ఒక తల్లి వచ్చినది. ఆమె మాటలను ఆమె మాటలలోనే చెప్పెదను, క్షమింపవలెను.

"సారూ, అందరి పిల్లలకు బట్టలొచ్చినయి, మా పోరికి రాలే. మేం ఊరికి పోయొచ్చినమని పేరు కొట్టేసిన్రా సారూ?"

"లేదమ్మా, ఎవరు కొట్టేయలేదు. పట్టికల ఎక్కలేదంతే," అంటిని.

"కొట్టెయ్యకున్నా లేదు గద సారూ," అనినది.

ఆ మాటకు నా యొద్ద సమాధానము లేకుండెను. నేడును లేదు. ఆ ముగ్గురికి దుస్తులు వచ్చుటకు దీపావళి దాటినది. నడుమ సంఘమువారు కొని యిచ్చెద మనిరి గాని, ఆ తల్లి "మా పేరు మీద వచ్చేదే రానీయుండ్రి" అని తీసికొనలేదు.

ఆ రాత్రి నేను రిజిష్టరు ముందు పెట్టుకొని కూర్చుంటిని. మిగిలిపోయినవారు ఎవరెవరు? ఒక పిల్ల తండ్రికి కారఖానా మూతపడి సిరిసిల్లకు పోయి, అచ్చటను పని కుదరక తిరిగి వచ్చిరి. ఒకని తాత మరణించగా దినములు గడుపుకొని వచ్చిరి. మూడవవాని కుటుంబము ఖోలీ బాడుగ కుదరక ఒక నెల పిన్నమ్మ యింట తలదాచుకొన్నది. జూను మొదటి దినముననే చేరినవారు ఎవరు? స్థిరమైన ఇల్లు, స్థిరమైన పని యున్నవారు. జాబితా చేరిన వరుసలో పెరుగును. కోత ఎల్లప్పుడును తోక యందే పడును. ప్రోగ్రామునకు ఎవరిపైనను కోపము లేదు, అయినను గది చాలనప్పుడెల్ల బయట నిలుచువారు ఆ కుటుంబముల పిల్లలే. యంత్రము నిష్పక్షపాతమని మనము తరచుగా వినుచుందుము. నాకా మాటపై ఆనాటినుండి పూర్తి నమ్మకము పోయినది.

చాలని అర్రేలోనికి ఎక్కువ పేర్లను ఎక్కింప జూచినచో ఏమగునని మా ఉపాధ్యాయుని అడిగితిని. భాషను బట్టి, వ్రాసినవానిని బట్టి యుండు ననెను. 1995లో వెలువడిన జావా అను భాష, లేని గదిలో నుంచుమన్నచో అచ్చటనే పని ఆపి కేకవేయును. అది మంచి కావలివాడు. 1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ రూపొందించిన సి అను భాష అట్లు కాదు. చాల్ ముగిసినదని చూడక, పక్క యింటి తలుపు తీసి, అందున్నవారి సామాను తొలగించి క్రొత్తవానిని కూర్చుండబెట్టును. ఆ పక్క యిల్లు ఎవరిదో దానికి పట్టదు. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో ఒక విద్యార్థి విడిచిన ప్రోగ్రాము ఈ లోపమునే ఒక దారిగా వాడుకొన్నది. 512 అక్షరముల చోటులోనికి లెక్క చూడకుండ వచ్చినదంతయు ఎక్కించు యంత్రములకు అది 536 అక్షరములు పంపెను. మిగిలిన 24 అక్షరములు పక్కకు పొర్లి యంత్రమునే వశము చేసికొనెను. సుమారు 6,000 కంప్యూటర్లు చిక్కుపడినవని నాటి అంచనా. మూడవ విధము మాది. నిండినంతవరకు నింపి, మిగిలినది విడిచి, పని సజావుగా ముగిసినట్లు ఊరకుండుట. మూడింటిలో ఇదియే చెడ్డదని నా అభిప్రాయము. కేక వేసినచో పరుగెత్తి చూతుము. పక్కయిల్లు చెడినచో పక్కవాడు పోట్లాటకు వచ్చును. ఊరకున్నచో ఒక తల్లి కారఖానా పని మానుకొని వచ్చి అడుగువరకు తెలియదు.

మేము పల్లెటూరివారము గనుక ఇట్లు చేసితిమని తలపకుడు. 2020లో కరోనా వ్యాపించిన కాలమున ఇంగ్లండు దేశపు ఆరోగ్య శాఖవారు వ్యాధి సోకినవారి పేర్లను ప్రయోగశాలల జాబితాలనుండి ఎక్సెల్ పట్టికలలోనికి ఎక్కించుచుండిరి. వాడినది పాత తరహా పట్టిక. దానికి 65,536 వరుసలే గదులు. ఒక్కొక్క రోగి వివరమునకు పలు వరుసలు పట్టుచుండెను. గదులు నిండిన పిమ్మట వచ్చిన పేర్లు మాటలేకుండ రాలిపోయినవి. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు అట్లు 15,841 మంది లెక్కకు రాలేదు. వ్యాధి యున్నదని ఆ రోగులకు తెలిపిరి. కాని వారెవరిని తాకిరో, ఎవరితో కూర్చుండిరో వెదకి హెచ్చరింపవలసిన వారికి ఆ పేర్లు సకాలమున చేరలేదు. క్రొత్త తరహా పట్టికలో పది లక్షలకు పైగా వరుసలు కలవు. అయినను ఆ సంఖ్యకును ఒక అంతమున్నది.

మన పనిలో ఇట్టి తప్పు దాగదు. క్రొత్త బీము పోగులను పాత పోగులకు అతుకునప్పుడు మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది కలియవలెను. ఒక పోగు తప్పినచో తాకా పొడుగునను గీత పడును, సేఠ్ వ్రేలు పెట్టి చూపి కూలి కోయును. మన తల్లులు చేయు ఆసు పనియు ఇట్టిదే. ఎడతెగని నూలును లెక్క తప్పక మేకుల వరుసపైకి ఎక్కించుట. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశంగారు తన తల్లి భుజపు నొప్పి చూడలేక ఆ పనికి 1999లో యంత్రము కల్పించి తల్లి పేర లక్ష్మీ ఆసు అని పిలిచిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. చిన్న తరగతిలోనే బడి విడిచిన ఆయన ఆ యంత్రమును తయారుచేయుట మన పిల్లలకు నేను తరచుగా చెప్పుదును. బడి విడిచిన సంగతి మాత్రము మెల్లగా చెప్పుదును, లేకున్న అదియే ఆదర్శముగా గైకొనువా రున్నారు.

మరుసటి యేడు మేము జాగ్రత్తపడితిమి, కాని ఆ జాగ్రత్త వేరొక దారిని పోయినది. ఎవరును మిగులకుండవలెనని 60 గదులు కట్టితిమి. పిల్లలు 46 మంది. ఖాళీగా మిగిలిన 14 గదులలో ఏమియు లేదని తెలుపుటకు యంత్రము "నల్" అను మాటను అచ్చువేసినది. బంట్రోతు ఆ పట్టికను గోడకు అంటించి పైకి చదువుచుండగా ఒక తండ్రి విని, "నల్, నల్ అంటున్నవు, బడికి పద్నాలుగు నల్లాలు పెట్టిస్తున్నరా సారూ? మా గల్లీకి ఒకటన్న ఇప్పియ్యుండ్రి" అనెను. అందరము నవ్వితిమి. నీళ్ల కొరకు రాత్రులు మేల్కొను ఊరిలో ఆ కోరిక అన్యాయమును కాదు. కాని ఆ పట్టిక పైకి పోయియున్నచో పేరులేని 14 మంది పిల్లలను బడిలో చూపినవాడ నయ్యెడివాడను. అది మరింత పెద్ద తప్పు.

సరియైన పద్ధతి చాలా చిన్నది. గదులెన్నియో హెడ్‌మాస్టరు నడుగరాదు, జాబితానే అడుగవలెను. ఏ లిస్టయినను తనలో ఎన్ని అంశములున్నవో చెప్పగలదు. ఆ సంఖ్యతో అర్రే కట్టి, పేర్లను ఎక్కించి, పిమ్మట రెండు వైపులను లెక్కించి చూడవలెను. జావా భాషలో లిస్టుకు "అర్రేగా మారుము" అను ఆజ్ఞ యొకటి సిద్ధముగానే కలదు. మనము చిన్న అర్రే నిచ్చినచో లిస్టు దానిని పక్కకు పెట్టి తనకు చాలినది క్రొత్తగా కట్టుకొనును. పెద్దది ఇచ్చినచో చివరి పేరు తరువాతి గదిలో శూన్యము నుంచి "ఇచ్చటికి ముగిసినది" అని సూచించును. ఇది తెలిసియుండిన ఆ ముగ్గురు పిల్లలు వెనుక వరుసలో నిలువవలసిన పనిలేకపోయెడిది.

ఇంకొక సంగతి యున్నది. అది నాకు ఆలస్యముగా బోధపడినది, కొంచెము ఓపిక పట్టుడు. జాబితానుండి అర్రేకు ఎక్కించునపుడు అర్రేలోనికి పోవునది పిల్ల కాదు, పిల్ల యున్నచోటు చెప్పు చీటి మాత్రమే. చీటికి నకలు తీసినచో పిల్లలు ఇద్దరు కారు. అందువలన ఒక ఆశ్చర్యము కలుగును. పిల్ల వివరములో తండ్రి పేరు తప్పుగా నున్నదని జాబితా వైపునుండి పోయి దిద్దినచో అర్రే వైపునుండి చూచినవానికిని దిద్దిన పేరే కనబడును. ఇద్దరు చుట్టములు తమ తమ డైరీలలో ఒకే ఇంటి చిరునామా వ్రాసికొన్నట్లు. ఆ యింటికి సున్నము వేసినచో ఎవరు పోయి చూచినను తెల్లగానే యుండును.

కాని జాబితాకు క్రొత్త పేరు చేర్చినచో అర్రేకు తెలియదు. నకలు తీసిన క్షణముననే వాని సంబంధము తెగినది. జాబితా ఆ మీదట పెరుగును, తరుగును. అర్రే ఆనాడున్నట్లే యుండును. జూలై 3వ తేదీన తీసిన పట్టికకు జూలై 4వ తేదీ తెలియదు. పట్టణములలో స్థిరపడిన కుటుంబముల బడులకు ఇది చిన్న సంగతి. మనకట్లు కాదు. దసరాకు ఊరికి పోయినవారు దీపావళి తరువాత వచ్చుట కలదు. సాంచాలు ఆగిన నెలలో నలుగురు పోవుదురు, నడచిన నెలలో ఆరుగురు వచ్చుదురు. మన బడి జాబితా ఊపిరి తీయుచున్నట్లు పెరుగుచు తరుగుచు నుండును. దానికి జూనులో తీసిన ఒక్క నకలును యేడాది పొడుగున వాడుట, ఒక్కనాడు తీసిన ఫోటోను చూచి ఇంటిలో నేడెందరున్నారో చెప్పుట వంటిది.

కావున ఇప్పుడు మేము చేయుచున్నది చెప్పెదను. 8వ తరగతి పిల్లలే ఆ ప్రోగ్రామును తిరిగి వ్రాసిరి. అది మొదట జాబితాను లెక్క అడుగును. పిమ్మట గదులు కట్టును. అచ్చువేయుటకు ముందు "జాబితాలో ఇందరు, అర్రేలో ఇందరు" అని రెండు సంఖ్యలు చూపును. అవి సరిపోనిచో అచ్చువేయదు. ఎంత బ్రతిమాలినను వేయదు, నేనొకమారు తొందరలో ప్రయత్నించితిని. ప్రతి నెల మొదటి దినమున, పండుగ సెలవుల తరువాత, ఏ పట్టికయైన పైకి పోవుటకు ముందు నకలు మరల తీయబడును. సంతకమునకు ముందు నేను వ్రేలితో లెక్కింతును. పిల్లలు నన్ను చూచి నవ్వుకొందురు. నవ్వనిండు.

మీరు చేయవలసినది ఒకటి కలదు. ఊరికి పోవునప్పుడు బడికి చెప్పి పొండు. తిరిగి వచ్చిన దినముననే వచ్చి చెప్పుడు. చదువురాని మాకు పట్టిక చూచుట ఎట్లని మొగమాటపడకుడు, మీ పిల్లతోనే చదివించుడు. రాత్రి పాళీలో నుండి రాలేకపోయిన పక్క ఖోలీవారి పిల్ల పేరును కూడ చూచి పొండు.

ఈ సంవత్సరపు పుస్తకముల పట్టిక బయట ద్వారము పక్కన గోడపై నున్నది. నిన్న సాయంకాలము అచ్చువేసినది. జాబితాలో 212, అర్రేలో 212, రెండును సరిపోయినవి. అయితే ఈ ఉదయము సభకు పందిరి కట్టుచుండగా, జనగామనుండి రాత్రి బండికి వచ్చిన ఒక తండ్రి తన కూతురిని తెచ్చి 3వ తరగతిలో చేర్చెను. ఇప్పుడు జాబితాలో 213 మంది యున్నారు. గోడపై కాగితము నిన్నటిది. ఆ పిల్ల పేరును నేను పెన్నుతో అడుగున వ్రాసి వచ్చితిని. రేపు ప్రొద్దున క్రొత్త నకలు వచ్చువరకు ఆ వ్రాతను ఎవరును చెరపవద్దని మనవి.